నిప్పు దగ్గర గంటంబావు

జులై 4న, స్వాతంత్ర్య దినం ఒక్కరోజే, అమెరికన్లు దాదాపు 15 కోట్ల హాట్‌డాగ్‌లు తింటారని ఆ దేశపు హాట్‌డాగ్, సాసేజ్ మండలి అంచనా. జనాభా 33 కోట్ల పైచిలుకు కాబట్టి ఇద్దరికి ఒకటి చొప్పున దగ్గరదగ్గరగా సరిపోతుంది. గ్రిల్ వెలిగించే రోజుల్లో అదే పెద్దది. ఆ రోజు పెరట్లో పట్టుకారు పట్టుకుని నిలబడేది చాలా ఇళ్లలో మగవాళ్లే.

ఏడాది పొడుగునా లెక్క వేరు. అమెరికా కార్మిక గణాంక సంస్థ జరిపే కాల వినియోగ సర్వే ప్రకారం, 2018లో ఏ సగటు రోజునైనా వంట చేయడమో, వంటిల్లు సర్దడమో చేసిన ఆడవాళ్లు 69 శాతం, మగవాళ్లు 46 శాతం. 2003లో మగవాళ్లు 35 శాతమే. మార్పు వస్తోంది, కానీ పదిహేనేళ్లకు 11 పాయింట్లు. రోజువారీ పొయ్యి దగ్గర వెనకబడి ఉన్నవాళ్లు పెరటి పొయ్యి దగ్గర మాత్రం ముందుకెలా వచ్చారు?

జవాబు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఇళ్లలో ఉంది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో 1947 నుంచి 1951 లోపు లెవిట్‌టౌన్ పేరుతో 17 వేలకు పైగా ఇళ్లు కట్టారు. 60 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడుగు స్థలంలో ఒక చిన్న ఇల్లు, వెనక గడ్డి పెరడు. సైన్యం నుంచి తిరిగొచ్చి కొత్తగా సంసారం పెట్టుకున్నవాళ్లకు ఆ పెరడే విందుల చోటయింది. 1952లో షికాగో ప్రాంతంలో, వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జ్ స్టీఫెన్, నీళ్లలో తేలే లోహపు బోయాను సగానికి కోసి మూతగల గుండ్రటి గ్రిల్ తయారుచేశాడు. గాలి, వాన అడ్డురాకుండా కాల్చుకునే వీలు దొరికింది. గ్రిల్ అమ్మే ప్రకటనల్లో, వంట పుస్తకాల్లో ఏప్రన్ కట్టుకున్న నాన్న బొమ్మ స్థిరపడింది. పెరట్లో నాన్న, వంటింట్లో అమ్మ అన్న విభజన ఏ అనాది ఆచారమూ కాదు, నిన్నమొన్నటి అమ్మకాల ఊపులో బలపడిందని నా అభిప్రాయం.

మన దగ్గరా దీనికి చుట్టరికం ఉంది. మంచి వంటను నలభీమపాకం అంటాం, పెళ్లికి గాడిపొయ్యి దగ్గర మగ వంటవాళ్లను పెట్టుకుంటాం. రోజూ అన్నం వార్చే మనిషి పేరు మాత్రం ఏ మెచ్చుకోలులోనూ రాదు.

ఇక పని లెక్క. పన్నెండు మందికి బర్గర్లు, చికెన్ కాళ్లు, మొక్కజొన్న పొత్తులు, బంగాళదుంప సలాడ్, కోల్‌స్లా అనుకుందాం. బొగ్గులకు బూడిద పూత రావడానికి 25 నిమిషాలు, చికెన్‌కు 40, బర్గర్లకు 10. పొత్తులు పక్కనే కాలిపోతాయి. మొత్తం గంటంబావు, అందులో సగం చేతిలో గ్లాసుతో కబుర్లాడే తీరిక. మిగతా పని చూడండి. సరుకులు తేవడం 60 నిమిషాలు, చికెన్ కడిగి మసాలా పట్టించడం 20, దుంపలు ఉడికించి తొక్కతీసి కలపడం 40, క్యాబేజీ తరగడం 20, ఉల్లి, టమాటా, పాలకూర సిద్ధం చేయడం 15, బల్ల సర్దడం 20, అందరూ వెళ్లాక గిన్నెలు 45. కలిపితే మూడు గంటల 40 నిమిషాలు. ఇది నా అంచనా, మీ ఇంట్లో పది నిమిషాలు అటూ ఇటూ కావచ్చు. అయినా అతిథులు చప్పట్లు కొట్టేది గంటంబావుకే. నన్ను బాధించేది ఇదే.

నిప్పు మగవాళ్లదే అన్న మాటకు టెక్సస్‌లోనే గట్టి జవాబు ఉంది. లెక్సింగ్టన్ అనే చిన్న ఊళ్లో స్నోస్ బార్బెక్యూ శనివారం ఒక్కరోజే తెరుస్తారు. అక్కడ గొయ్యిపొయ్యిల దగ్గర నిలబడేది 1935లో పుట్టిన టూట్సీ టొమానెట్జ్. 1960ల నుంచి ఆమెది ఇదే పని. వారం మధ్యలో బడిలో ఊడ్చి, తుడిచే ఉద్యోగం చేస్తూ, శనివారం తెల్లవారకముందే పారతో నిప్పులు ఎత్తి పోసేది. 2008లో, మళ్లీ 2017లో టెక్సస్ మంత్లీ పత్రిక ఆ దుకాణాన్ని రాష్ట్రంలోకెల్లా మొదటిదిగా ఎంచింది. 2018లో ఆమెకు బార్బెక్యూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

గ్రిల్ విందుకు మర్యాదలూ ఉన్నాయి. వాటిలో కొన్ని ఆరోగ్యానికి సంబంధించినవి, వాటికి అంకెలున్నాయి. చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్, కైమా ప్యాటీకి 71. పచ్చి మాంసం తెచ్చిన పళ్లెంలో కాలినది పెట్టకూడదు. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. గ్రిల్ దగ్గరున్న మనిషికి సలహాలు చెప్పకపోవడం అతిథి మర్యాద. థర్మామీటర్ వాడటం ఇంటివారి మర్యాద.

డల్లాస్, న్యూజెర్సీ తెలుగు పెరళ్లలో ఇంకో మర్యాద చేరుతుంది. గొడ్డుమాంసం తిననివారు, అసలు మాంసమే ముట్టనివారు ఒకే పార్టీకి వస్తారు. కాబట్టి పనీరు, కూరగాయలు, పొత్తులు శుభ్రమైన జాలీ మీద ముందు కాల్చి, వేరే పట్టుకారుతో తీయాలి. ఈ ఇళ్లలో మొదటి తరంవాళ్లు వచ్చిన చోటి లెక్క కూడా గుర్తుంచుకోవాలి. 2019 భారత కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 97. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లే 26 శాతం. బిర్యానీ, పెరుగుచట్నీ లోపల ఆవిడ చూసుకుంటే, టిక్కాలు బయట ఆయన కాలుస్తాడన్న పంపకం అక్కడి నుంచి విమానమెక్కి వచ్చిందే.

మార్చడం కష్టమేమీ కాదు. పిలిచేటప్పుడే ఎవరు ఏం తేవాలో భార్యాభర్తలిద్దరి ఫోన్లకూ పంపండి. వచ్చిన అన్నయ్యలను పెరట్లోకి, వదినలను వంటింట్లోకి పంపడం మానండి. చికెన్ 40 నిమిషాలు కాలుతుంది కాబట్టి 20 నిమిషాలకు పట్టుకారు చేతులు మారవచ్చు. వెలుగుతున్న గ్రిల్‌ను వదిలి వెళ్లకూడదు, దానికి మూడు అడుగుల లోపు పిల్లలు రాకూడదు. అందుకే రెండో మనిషి వచ్చి పట్టుకారు అందుకున్నాకే మొదటి మనిషి లోపలికి వెళ్లి దుంపల తొక్క తీయాలి.