సెకండ్ డివిజన్‌లో కొట్టిన గోల్ గోల్ కాదా?

పొద్దున్నే భోగాపురం జంక్షన్‌లో విశాఖ బస్సు కోసం నిలబడండి. సర్టిఫికెట్ల ఫైలు పట్టుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. బహుశా వాళ్లలో మీరూ ఒకరు. ‘ఎయిర్‌పోర్టులో ఏదైనా చూసుకోరా’ అని ఇంట్లోవాళ్లు, ‘పెద్ద కంపెనీ అయితేనే’ అని మీరు. బీటెక్ అయ్యాక నేనూ ఏడాదిన్నర అలాగే కూర్చున్నాను. ఓ చిన్న కంపెనీ ఆఫర్ ఇస్తే చులకనగా చూసి వదిలేశాను. తర్వాత ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆ గ్యాప్‌కి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

అందుకే గుగులోత్ సౌమ్య సంగతి మీకు చెప్పాలనిపించింది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి, ఫుట్‌బాల్ ఫార్వర్డ్. మన దగ్గర అమ్మాయిల ఫుట్‌బాల్ టీవీలో కనిపించడమే అరుదు. అయినా గోకులం కేరళ జట్టుతో 2021-22 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. 2022లో మధ్యప్రదేశ్ ప్లేయర్ జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు సంతకం చేసింది. యూరప్ ఫుట్‌బాల్ అంటే మనకు మాంచెస్టర్, మాడ్రిడ్. జాగ్రెబ్ ఎక్కడుందో నేనైతే మ్యాప్‌లో వెతుక్కున్నాను! ఆమె మాత్రం పెట్టె సర్దుకుని వెళ్లింది. తిరిగొచ్చాక ఈస్ట్ బెంగాల్‌లో చేరింది. 2024-25లో ఆ జట్టు లీగ్ ఛాంపియన్. ఆ సీజన్‌కి ఏఐఎఫ్‌ఎఫ్ ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు సౌమ్యకే వచ్చింది.

జర్మనీలో సైమన్ టెరొడ్డె అని ఇంకో ఫార్వర్డ్ ఆడేవాడు. మొదటి డివిజన్‌లో పెద్దగా రాణించలేదు. రెండో డివిజన్‌లో మాత్రం నాలుగు సీజన్లలో టాప్ స్కోరర్: బోఖుమ్‌కి 25, స్టుట్‌గార్ట్‌కి 25, కొలోన్‌కి 29, షాల్కెకి 30 గోల్స్. అప్పటిదాకా ఆ డివిజన్ రికార్డు 153 గోల్స్. 2021లో దాన్ని దాటేశాడు. చివరి మూడు జట్లూ అతను టాప్ స్కోరర్ అయిన ఆ సీజన్‌లోనే పై డివిజన్‌కి ఎక్కాయి. అందుకే కింది డివిజన్‌లో ఇరుక్కున్న పెద్ద క్లబ్బులు అతన్ని ఏరికోరి తెచ్చుకునేవి. ఇలాంటి పేరు మన రెజ్యూమెలో ఒక్క లైన్ ఉన్నా చాలదూ?

అలాగని వచ్చిన ప్రతి చిన్న ఆఫర్‌కీ తలూపమని కాదు. మొదటి ఆరు నెలలు ఏ పని ఇస్తారు, ఎవరి కింద, బాండ్ ఎన్నేళ్లు అన్నవి హెచ్‌ఆర్‌ని మొహమాటం లేకుండా అడగండి. బాండ్ రెండేళ్లు దాటితే నేనైతే సంతకం పెట్టను. ట్రైనింగ్ పేరుతో ఎదురు డబ్బు కట్టమన్నారంటే అది ఉద్యోగమే కాదు, లేచి వచ్చేయండి.