పిందెను నిలిపే మందు పుట్టిన కథ

మామిడి పూతను చూసి దిగుబడి లెక్కేసుకుంటే మోసపోవాల్సిందే. ఒక్కో గుత్తిలో వందలాది పూలు పూసినా కాయగా చేతికందేది ఒకటో రెండో, కొన్ని గుత్తులకు అదీ ఉండదు. బఠాణీ గింజంత ఉన్నప్పుడు కొన్ని పిందెలు, గోలీకాయంత అయ్యాక మరికొన్ని నేలపాలవుతాయి. మోయలేని బరువును చెట్టే దించుకుంటుంది. కాయల రాలుడును కొంతవరకు పిచికారీతో ఆపవచ్చని తేలింది 1939లో, అమెరికా ఆపిల్ తోటల్లో.

దానికి దారి మాత్రం గడ్డి మొలకల దగ్గర పడింది. మొలక వెలుగువైపు ఎందుకు వంగుతుందో పరిశీలించిన చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్, మొలక కొసలోంచి ఏదో ప్రభావం కిందికి దిగుతోందని 1880లో రాశారు. 1926లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల కొసలు కోసి అగర్ అనే జెల్లీ ముక్కల మీద ఉంచాడు. ఆ అగర్‌ను తల తెగిన మొలకపై ఒక పక్కగా పెడితే మొలక వంగింది. కొసలోని పదార్థం అగర్‌లోకి ఇంకిందన్నమాట. అదే ఆక్సిన్. పత్రం కోసేసిన ఆకు కాడకు ఆక్సిన్ పూస్తే ఆ కాడ ఆలస్యంగా రాలుతుందని 1936లో వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లారూ చూపించాడు.

ఆకు కాడ నిలిస్తే కాయ తొడిమ ఎందుకు నిలవదు? అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్డ్‌నర్, మార్త్, బాట్జర్ కోతకు ముందే రాలిపోయే ఆపిల్స్ మీద ఆ పరీక్ష చేశారు. సహజ ఆక్సిన్ మొక్కలో త్వరగా విరిగిపోతుంది. అందుకే నిలకడ గల కృత్రిమ ఆక్సిన్ నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం (ఎన్.ఎ.ఎ.) ముందుకొచ్చింది. బీరువాలో వేసే కలరా ఉండల్లోని నాఫ్తలీనే దీనికీ మూలం. లీటరు నీటికి కొద్ది మిల్లీగ్రాములతోనే కాయలు నిలిచాయి.

ఇది చెట్టుకు బలం మందు కాదు. ఎదిగే గింజ నుంచి తొడిమ గుండా ఆక్సిన్ పారుతూ ఉంటుంది. 'నేను బతికే ఉన్నాను, నన్ను వదలకు' అని పిందె తల్లిచెట్టుకు పంపే కబురు అది. ఆ కబురు సన్నగిల్లితే తొడిమలోని ఒక పలుచని కణాల పొర ఇథిలీన్ వాయువుకు లొంగుతుంది. ఎంజైములు కణాల మధ్య జిగురును కరిగిస్తాయి, కాయ ఊడిపోతుంది. పిచికారీ చేసేది ఆ కబురును కొన్నాళ్లు నిలబెట్టడమే.

1940ల్లోనే ఇంకో సంగతి బయటపడింది. ఇదే ఎన్.ఎ.ఎ.ను పూత ముగిసిన కొద్ది రోజులకు చల్లితే ఆపిల్ పిందెలు రాలిపోతున్నాయి! కాపు మరీ ఎక్కువైనప్పుడు పలచన చేయడానికి తోటమాలులు దాన్నీ వాడుకున్నారు. ఆ దశాబ్దంలోనే కాలిఫోర్నియా నారింజ తోటల్లో కాయ నిలపడానికి అతి తక్కువ మోతాదులో వాడిన మరో కృత్రిమ ఆక్సిన్ 2,4-డి, మోతాదు పెరిగితే కలుపు మందు. ఒకే పదార్థం ఏ పని చేస్తుందన్నది వేళ, మోతాదు తేలుస్తాయి.

మన మామిడి, బత్తాయి తోటల్లోనూ పిందె రాలుడుకు ఎన్.ఎ.ఎ. వాడుతున్నారు. బజారులో దొరికే 4.5 శాతం ద్రావణం ఒక మిల్లీలీటరును నాలుగున్నర లీటర్ల నీటిలో కలిపితే లీటరుకు పది మిల్లీగ్రాములవుతుంది. 'ఇంకాస్త పోస్తే ఇంకాస్త నిలుస్తుంది' అనే లెక్క ఇక్కడ చెల్లదు.

పిందె రాలడానికి తేనెమంచు పురుగు, బూడిద తెగులు, నీటి ఎద్దడి, బోరాన్ లోపం కూడా కారణాలే. వాటికి ఈ సీసాలో మందు లేదు. కాబట్టి రైతులు ముందు రాలిన పిందెలను ఏరి కారణం చూడాలి. మందు వాడాల్సి వస్తే కొలిచి కలపాలి. కలుపు మందు కొట్టిన స్ప్రేయరును మాత్రం తోటలోకి తేకూడదు.