నాగార్జునకొండ మ్యూజియములో మన పూర్వస్త్రీలు

పగిలిన కుండపెంకులు, ముక్కు విరిగిన ప్రతిమలు, చదువరాని శాసనములు చూచినందువలన గృహిణికి ప్రయోజనమేమి యని కొందరు సోదరీమణు లడుగుదురు. నాగార్జునకొండ మ్యూజియము దీనికి తగిన సమాధానము చెప్పగలదు. అచ్చట దొరకిన శాసనములు రాజుల యుద్ధములకంటె స్త్రీల దానములనే ఎక్కువగా తెలుపుచున్నవి.

క్రీస్తుశకము మూడవ, నాల్గవ శతాబ్దములలో కృష్ణాతీరమున, కొండల నడుమ నున్న లోయలో విజయపురి యను నగర ముండెను. అది ఇక్ష్వాకు రాజుల రాజధాని. కాలక్రమమున నది మన్నుగప్పి మరుగుపడెను. 1926లో సూరపరాజు వెంకటరామయ్యగారను బడిపంతు లొకరు అచ్చట నొక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమువారికి తెలియజేసిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు దొర త్రవ్వకములు జరిపెను. స్తూపములును, విహారములును, శిల్పములును బయల్పడెను.

బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో నున్న శాసనములను పండితులు చదివిరి. చాంతమూల మహారాజు అశ్వమేధాది వైదిక క్రతువులు చేసినవాడు. ఆయన సోదరి చాంతిసిరియో బుద్ధుని మహాచైత్యమునకు స్తంభములు నిలిపిన పుణ్యవతి. ఒకే కుటుంబమున సోదరుడు యజ్ఞము చేయగా సోదరి చైత్యమును పోషించెను! ఉజ్జయిని రాజపుత్రి యగు రుద్రధర భట్టారిక యా చైత్యమునకే 170 దీనార మాషము లిచ్చెను.

వీరు రాచబిడ్డలు. బోధిసిరి యట్లుగాదు, ఆమె యొక సామాన్యోపాసిక. చుళధమ్మగిరిపై సింహళ భిక్షువుల విహారమున చైత్యగృహమును కట్టించెను. ఇతర స్థలములలో మండపములు, భిక్షువుల గదులు, చెరువు నేర్పరచెను. తన పుణ్యమును భర్తతోను, తల్లిదండ్రులతోను, సోదరులతోను, సోదరితోను పంచుకొనుచు వారి పేర్లను సైతము రాతిపై చెక్కించెను. ఆ రాయి లేనిచో నేడీమె పేరెవ్వ రెరుగుదురు?

1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. ఆనకట్ట పూర్తియైనచో లోయ యంతయు మునిగిపోవును. అందువలన 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నేతృత్వమున మరల విరివిగా త్రవ్వకములు జరిగినవి. ముఖ్యములైన కట్టడములు కొన్నిటిని ఊడదీసి కొండమీద తిరిగి నిలిపిరి. మరికొన్నిటిని ఒడ్డున అనుపులో తిరిగి కట్టిరి. లోయలోని పల్లెవారు తమ యిండ్లు విడిచిపోయిరి. చుట్టును నీరు నిండగా కొండ ద్వీపమయ్యెను. దానిపై విహారాకృతిలో నిర్మించిన మ్యూజియము 1966లో తెరువబడెను. అచ్చటికి పడవపై పోవలెను.

లోపల శిల్పములేకాక పూసలు, నగలు, మట్టిబొమ్మలు, నాణెములు, మానవు డాదిమకాలమున వాడిన రాతి పనిముట్లు కలవు. మునిగిన లోయకు నమూనా కూడ నున్నది. దానిని చూచిన పిదప నీ ప్రతిమ యే స్తూపమునకు చెందినదో, ఆ స్తూప మెచ్చట నుండెనో మనస్సునకు తోచును. విడిగా నున్నప్పుడు రాయి రాయియే. దొరకిన చోటును, చేయించినవారి పేరును తెలిసినపుడే యది మాటలాడును. మ్యూజియము చేయుపని యిదియే.

ఈ పని మన యిండ్లలోను కలదు. సారెకు వచ్చిన ఇత్తడి బిందెమీద అమ్మమ్మ పేరు, ఇచ్చినవారి పేరు చెక్కియుండుట మన మెరిగినదే. ఆ బిందె యొక చిన్న శాసనము. పాతదైనదని దానిని మార్చుకొనినచో ఆ పే రింటిలో మరల కనబడదు. కావున దాని నిచ్చివేయుటకు ముందైనను పేరును చదివి, ఎవరు, ఎప్పుడు, ఏ శుభకార్యమునకు తెచ్చిరో పెద్దల నడిగి యొక పుస్తకములో వ్రాయుడు. చీరల పెట్టెలోని పాత ఛాయాపటముల వెనుక, అందున్నవారి పేర్లను వ్రాసియుంచుడు. చెప్పగల పెద్దలు మన నడుమ నుండగానే యిది చేయవలెను. లోయ నీట మునుగుటకు ముందే త్రవ్వినందువలననే కదా అందలి సంపద కొంతయైనను మనకు దక్కినది.