కోనసీమ కుర్రాళ్లు, గచ్చిబౌలి కోర్టులు

గచ్చిబౌలిలో తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువగా ఉండేవాళ్లు రెండు రకాలు. అమెరికా షిఫ్టు ముగించుకుని క్యాబ్‌లో కునికిపాట్లు పడేవాళ్లు కొందరు. కిట్ బ్యాగు భుజాన వేసుకుని పుల్లెల గోపీచంద్ అకాడమీ గేటు దాటే పిల్లలు ఇంకొందరు. ఐటీ కారిడార్ గురించి రాసేటప్పుడు మొదటి రకం గురించే ఎక్కువగా రాస్తాం. జీతాలు, ఫ్లాట్లు, ట్రాఫిక్. రెండో రకం పతకం వచ్చిన రోజే మనకి గుర్తొస్తారు.

ఈ రెండు లోకాలూ ఇంచుమించు ఒకే కాలంలో మొలిచాయి. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో స్టేడియాలు లేచాయి. 2001లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని ఓడించి ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన గోపీచంద్‌కి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో ఇక్కడే ఐదెకరాలు కేటాయించింది. స్థలమైతే వచ్చింది గానీ కోర్టులు వేయడానికి డబ్బేది? గోపీచంద్ కుటుంబం సొంత ఇల్లు తాకట్టు పెట్టింది. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్లు ఇచ్చారు. 2008లో అకాడమీ తెరుచుకుంది. చుట్టూ అద్దాల మేడలు కట్టిన కంపెనీలు అప్పట్లో షటిల్ వైపు చూసింది తక్కువే. ఒలింపిక్ పతకాలు వచ్చాక మాత్రం అభినందన ప్రకటనలతో పత్రికల పేజీలు నిండిపోయాయి.

ఆ తొలినాళ్లలో వచ్చి చేరినవాడు కిదాంబి శ్రీకాంత్. 1993లో కోనసీమలోని రావులపాలెంలో పుట్టాడు. తండ్రి వ్యవసాయదారుడు. అన్న నందగోపాల్ కూడా షటిల్ ఆటగాడే. అన్న ముందు గచ్చిబౌలి చేరాడు, తమ్ముడు వెనకాలే వచ్చాడు. తెలుగిళ్లలో ఇది తెలిసిన పద్ధతే: పెద్దవాడు ఏ కాలేజీలో చేరితే చిన్నవాడిదీ అదే కాలేజీ.

కెనడాలో ఐస్ హాకీ ఆడే కుర్రాడి దారి వేరు. పదహారేళ్లకే ఇల్లు వదిలి, ఇంకో ఊళ్లో ఎవరో కుటుంబం ఆశ్రయమిస్తే అక్కడుంటూ జూనియర్ లీగ్ ఆడతాడు. పద్దెనిమిదేళ్లు నిండే వేళకి అక్కడి పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏదో ఒక జట్టు అతని పేరు పిలుస్తుందా లేదా అన్నది తేలిపోతుంది. ఇక్కడ అలాంటి మెట్లు లేవు. ఇల్లు వదలాలి, లేదా ఇల్లే అకాడమీ చుట్టూ తిరగాలి. షటిల్ క్రీడాకారిణి పి.వి. సింధు చిన్నప్పుడు మారేడుపల్లి నుంచి రానూ పోనూ రోజుకి యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసేది. పేరు పిలిచే జట్టు ఉండదు. గోపీ సర్ ఏం చూశారు, ఏమన్నారు అన్నదే తీర్పు. ఒక్క మనిషి కన్ను మీద ఇంత భారం మోపడం మంచిదేనా అని అడగొచ్చు. అడగాలి కూడా.

శ్రీకాంత్ విషయంలో మాత్రం ఆ కన్ను తప్పలేదు. అతను వచ్చింది డబుల్స్ ఆటగాడిగా. 2011 కామన్వెల్త్ యూత్ గేమ్స్‌లో అతనికి దక్కిన రెండు పతకాలూ జోడీలవే: మిక్స్‌డ్‌లో రజతం, డబుల్స్‌లో కాంస్యం. సింగిల్స్ ఆడమన్నది గోపీచంద్. చెప్పినంత తేలిక కాదు ఆ మార్పు. డబుల్స్ కోర్టు వెడల్పు 6.1 మీటర్లు, సింగిల్స్‌లో అది 5.18 మీటర్లకి తగ్గుతుంది. కానీ వెనక మూల వదిలేస్తే అందుకునే భాగస్వామి ఉండడు. ర్యాలీలు సాగుతాయి, ఓపిక కావాలి, కాళ్లు కావాలి. అయితే డబుల్స్ నేర్పిన గుణాలు ఊరికే పోలేదు. షటిల్ కాస్త పైకి లేస్తే చాలు ఎగిరి కొట్టే స్మాష్, దాని వెంటే నెట్ మీదకి ఉరికే వేగం. ఎదుటివాడిని విసిగించి గెలిచే ఆట కాదు అతనిది, చప్పున తేల్చేసే ఆట.

2013లో థాయిలాండ్ ఓపెన్ ఫైనల్లో బూన్‌సాక్ పొన్సానాని అతని సొంతగడ్డ మీదే ఓడించి గ్రాండ్ ప్రి గోల్డ్ టైటిల్ తెచ్చాడు. మరుసటి ఏడాది జులైలో అకాడమీలోనే స్పృహ తప్పి పడిపోయాడు. మెదడు జ్వరం, ఐసీయూ. అదే నెలాఖరుకి గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో కోర్టులో నిలబడ్డాడు. ఇంత తొందరేమిటని ఈ రోజుకీ అనిపిస్తుంది. ఆ నవంబరులో ఫుజౌలో చైనా ఓపెన్ ఫైనల్. అవతల లిన్ డాన్, రెండుసార్లు ఒలింపిక్ విజేత, పైగా సొంతగడ్డ. 21-19, 21-17తో రెండే గేముల్లో ముగిసింది. సూపర్ సిరీస్ ప్రీమియర్ టైటిల్ గెలిచిన తొలి భారత పురుషుడయ్యాడు, ఇరవై ఒక్కేళ్లకి.

అదే 2014లో గచ్చిబౌలికి ఇంకో కోనసీమ కుర్రాడు వచ్చాడు. అమలాపురం వాడు, వ్యాయామ ఉపాధ్యాయుడి కొడుకు, పేరు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. పద్నాలుగేళ్ల వాడు. అతను డబుల్స్‌లోనే ఉండిపోయాడు. మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతన్ని ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో జత కలిపాడు. శ్రీకాంత్ 2018 ఏప్రిల్‌లో సింగిల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయితే, 2023 అక్టోబరులో డబుల్స్‌లో ఆ స్థానం ఈ జోడీది.