గోదావరి బొమ్మలో మన పేట ఏదీ?

ప్రకృతి చిత్రానికి కులం వుంటుందా అని అడిగితే చాలామంది నవ్వుతారు. నీళ్ళకీ కొబ్బరిచెట్లకీ కులమేమిటంటారు. నిజమే, నీళ్ళకి కులం లేదు. కానీ ఆ నీళ్ళని ఏ రేవులో నిలబడి చూశారు, ఏ రేవుని చూడకుండా వదిలేశారు అన్నదాంట్లో కులం వుంది. గోదావరి ప్రకృతి చిత్రాల గురించి, వాటిని ఊరూరా తిప్పి చూపించే ప్రదర్శనల గురించి ఈ వైపు నుంచి మాట్లాడుకోవాలన్నది మా ఉద్దేశం.

ఈ ప్రాంతంలో ఆధునిక చిత్రకళకి ఆద్యుడుగా దామెర్ల రామారావు గారిని చెప్పుకుంటారు. ఆయన 1897లో రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతివాటం గమనించి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి తిరిగొచ్చి, రామారావు గారు రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచితో చనిపోయేనాటికి ఆయనకి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. పురాణ ఘట్టాలతో బాటు గోదావరినీ, తూర్పు కనుమల్నీ నీటిరంగుల్లో వేశారు. ఆయన బొమ్మలు బొంబాయి, కలకత్తాలు తిరిగాయి. 1924లో లండన్ వెంబ్లీ ప్రదర్శన దాకా వెళ్ళాయి. ఇప్పుడు రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గాలరీలో వున్నాయి.

ఆయన ప్రతిభని తక్కువ చెయ్యడం మా పని కాదు. ఆ బొమ్మలు తిరిగిన దారిని చూడమంటున్నాం. అది నగరాల దారి, రాచ దర్బారుల దారి, చదువుకున్న వాళ్ళ దారి. గోదావరి బొమ్మ సముద్రాలు దాటి వెళ్ళింది. గోదావరి సముద్రంలో కలిసే చోట నాట్లేసే మనిషి గుమ్మం దాకా రావడానికి మాత్రం దానికి దారి లేకపోయింది.

ఆ తర్వాతి కాలంలో పత్రికలు, కేలండర్లు, సినిమాలు కలిసి ఒక గోదావరి బొమ్మని ఖాయం చేశాయి. కొబ్బరితోట, తెరచాప పడవ, కాలువగట్టు, పొద్దుగూకే ఆకాశం. ఈ బొమ్మని ఎలా చదవాలి? మేము మూడు వస్తువుల్ని తీసుకుంటాం.

మొదటిది గట్టు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయ్యింది. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు. తట్టలు మోసిన వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. నరసాపురం కేంద్రంగా పనిచేసిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు ఆ కూలీల మధ్య సువార్త చెప్పారు. విన్నవాళ్ళలో మాలలు చాలామంది. నీళ్ళొచ్చాక మెట్ట మాగాణి అయ్యింది, మాగాణి మాత్రం తట్ట మోసిన వాడిది కాలేదు. ఈనాటికీ సెంటు భూమి లేని కుటుంబాలు కాలువగట్ల మీదా, పుంతల్లోనూ పాకలేసుకుని బతుకుతున్నాయి. బొమ్మలో గట్టు ఒక చక్కని వంపు గీత. రెవెన్యూ కాగితంలో అదే గట్టు ఆక్రమణ. ఆ గట్టు మీద పుట్టిన పిల్లకి అది ఇల్లు.

రెండోది చెరువు. బొమ్మలో చెరువంటే తామరాకులు, ఆకాశం నీడ. పశ్చిమ గోదావరి జిల్లా పాలకోడేరు మండలం గరగపర్రులో 2017 ఏప్రిల్‌లో దళితులు చెరువు దగ్గర, తక్కిన నాయకుల విగ్రహాల పక్కన అంబేద్కర్ విగ్రహం పెట్టారు. రాత్రికి రాత్రి దాన్ని తీసేశారు. అడిగిన పాపానికి దళితులకి పొలం పనులు ఆపి, సాంఘిక బహిష్కరణ చేశారు. చెరువుగట్టు మీద ఎవరు కనపడాలో, ఎవరు కనపడకూడదో చిత్రకారుడి కంటే ముందే ఊరు నిర్ణయించి పెట్టుకుందన్న మాట.

మూడోది పేరు. కోనసీమ అంటేనే అందం అని నూరిపోశారు గదా. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు కలుపుతామని ప్రభుత్వం ప్రకటిస్తే, మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. చివరికి ఆ పేరు నిలిచింది. కానీ ఒక ప్రకృతి దృశ్యానికి కూడా హక్కుదారులుంటారని ఆ మంటలు చూపించాయి. 'నది పుట్టిన గొంతుక' అని తన కవితలకి పేరు పెట్టుకున్న బొజ్జా తారకం గారు ఈ కోనసీమ మనిషే. ఆ నది మనదీ అని చెప్పుకోవడానికి మనకి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక అచ్చు బొమ్మల సంగతి. రంగుల చిత్రం ఒక్కటే వుంటుంది. డబ్బున్న వాడి గోడెక్కితే ఇంకెవరికీ కనపడదు. చెక్క మీదో, లినోలియం మీదో, రాగిరేకు మీదో చెక్కి సిరా పూసి కాగితం మీద వొత్తితే ఒక్క దిమ్మ నుంచి పదులకొద్దీ బొమ్మలొస్తాయి. చౌకగా వస్తాయి, చుట్టి సంచీలో పెట్టుకుని పోవచ్చు. 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ పల్లెలు తిరిగి వేసిన బొమ్మల పుస్తకాన్ని తెల్లప్రభుత్వం తగలబెట్టించింది. తర్వాత రోజుల్లో ఆయన లినోకట్లలో రైతు కూలీలు కాగితం నిండా నిలబడ్డారు. నాగపూర్‌లో పుట్టిన సావి సావర్కర్ తన అచ్చుబొమ్మల్లో మెడలో ముంత, వెనక చీపురుతో నడిచిన అంటరాని మనిషిని మన ముందుకి తెచ్చాడు. ఆ మనిషి నడిచిన నేలని ఇంక ఉత్త 'దృశ్యం' అనగలమా?

అచ్చు బొమ్మ అడుగున చిత్రకారుడు పెన్సిలుతో అంకె వేసి సంతకం పెడతాడు. 5/30 అంటే ముప్ఫైలో అయిదోది. నరసాపురం వాళ్ళకి ఈ సంతకం విషయం బాగా అర్థం కావాలి. ఈ ఊరి లేసు కూడా దేశాలు తిరుగుతుంది. మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిన ఈ అల్లకాన్ని గురించి మరియా మీస్ 1982లో ఒక పుస్తకం రాసింది. అల్లే ఆడవాళ్ళని కార్మికులుగా కాకుండా తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా లెక్కెయ్యడం వల్లే కూలి అంత తక్కువగా వుంచగలిగారని చూపింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరొచ్చింది, మంచిదే. అల్లిన చేతికి సంతకం ఇంకా రాలేదు.

కాబట్టి గోదావరి బొమ్మల ప్రదర్శన ఏదైనా ఈ డెల్టాలో తిరిగితే మనం అడగాల్సినవి ఇవి. అది టౌనుహాల్లోనే ఆగిపోతుందా, పేటలో చర్చి వరండాకీ, హాస్టలుకీ, అంబేద్కర్ భవనానికీ వస్తుందా? బొమ్మ కింద 'కాలువ, సాయంత్రం' అని రాసి ఊరుకుంటారా, అది ఏ కాలువ, గట్టు మీద ఎవరుంటున్నారు అన్నది కూడా రాస్తారా? ఒక రోజు కూలిలో కొంత పెడితే అచ్చు బొమ్మ ఒకటి కొనుక్కోగలమా? చూసినవాళ్ళు తమ గట్టు గురించి చెప్పేది రాసుకుని, పక్క ఊళ్ళో ఆ బొమ్మ పక్కనే అంటిస్తారా?

ఇవి చిన్న కోరికలే. ఖర్చు కూడా పెద్దగా లేదు. కాకపోతే వీటిని ఒప్పుకుంటే బొమ్మలో చోటు మారుతుంది. గట్టు మీద మనిషి దూరాన చుక్కలా కాక, ముఖం కనపడేంత దగ్గరగా వస్తాడు. మన పిల్లల్లో బొమ్మలు గీసే చెయ్యి వున్నవాళ్ళు ముందు ఆ ముఖం గీయాలి. కొబ్బరిచెట్లు తర్వాతైనా గీసుకోవచ్చు.