దిగిపోవడమూ ఒక విద్యే

అధికారం చేపట్టడానికి యోగ్యత కావలెనని అందరూ అంగీకరిస్తారు. విడిచిపెట్టడానికి కూడ యోగ్యత కావలెనన్న సంగతి చాలమందికి తట్టదు. కంప్యూటరు లోకంలో ఓపెన్ సోర్స్ అనే ఉద్యమం ఈ సంగతిని స్పష్టంగా చూపుతున్నది.

ప్రోగ్రాము అనగా యంత్రానికి మనిషి వ్రాసియిచ్చే ఆదేశాల సంపుటి. ఆ వ్రాతను దాచుకొనక, ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, వాడుకొనవచ్చును అని బయట పెట్టడమే ఓపెన్ సోర్స్. చెరువు త్రవ్వించి ఊరికి విడిచినట్టి ధర్మమిది. కాని చెరువునకు ఏటేట పూడిక తీయవలెను, తూము బాగుచేయవలెను. జీతం లేని ఆ చాకిరి తరచుగా త్రవ్వినవాని మీదనే పడుతున్నది.

నేడు సి.బి.ఎస్.ఇ. పాఠశాలల పై తరగతులలో కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థులు నేర్చే భాష పైథాన్. హాలెండు దేశీయుడైన గ్విడో వాన్ రోసమ్ దీనిని 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవులలో ప్రారంభించారు. 1991 ఫిబ్రవరిలో లోకానికి అందజేశారు. వాడేవారు పెరిగినకొద్దీ సలహాలు పెరిగినవి, వాదాలూ పెరిగినవి. ఏ మార్పు తగును, ఏది తగదు అన్న తుదిమాట మాత్రం ఆయనదే. సహచరులు సగం పరిహాసంగా, సగం గౌరవంగా ఆయనకు ‘యావజ్జీవ దయామయ నియంత’ అని బిరుదిచ్చారు.

2018లో ఒక చిన్న గుర్తు పెద్ద కలహం తెచ్చినది. రెండు చుక్కలు, వాటి ప్రక్కన సమానపు గీతలు, అంతే. దానిని భాషలో చేర్చవచ్చునని ఆయన తీర్పు చెప్పారు. ఆ సంవత్సరమే జూలై 12న నిర్ణయాధికారం వదలుకొంటున్నట్లు సహచరులకు లేఖ వ్రాశారు. ఇంత పోరాడిన పిమ్మట తన నిర్ణయాలను ఏవగించుకొనేవారే ఇందరు కనబడడం ఆయనకు విసుగు పుట్టించినది. వారసుని నియమించలేదు; పరిపాలన ఎట్లుండవలెనో మీరే తేల్చుకొనుడన్నారు. కొంతకాలం సామాన్య సభ్యునిగా ఉండి, క్రొత్తవారికి దారి చూపుదునని మాత్రం మాట ఇచ్చారు.

సహచరులు నెలల తరబడి చర్చించి, పలు ప్రతిపాదనలపై ఓటు వేసి, 2019 ఆరంభంలో ఐదుగురు సభ్యుల మండలిని ఎన్నుకొన్నారు. ఒకే సంస్థలో పనిచేసేవారు అందులో ఇద్దరికి మించరాదని నియమం పెట్టుకొన్నారు. తొలి మండలిలో ఆయనా ఒకరు. మరుసటి ఎన్నికలో పోటీనుండి తప్పుకొన్నారు. భాష ఆగలేదు.

ఇందుకు భిన్నమైన కథ 2024లో బయటపడినది. సమాచారాన్ని కుదించే ఎక్స్‌జెడ్ అనే సాధనం లినక్స్ కంప్యూటర్లలో విరివిగా ఉన్నది. దాని భారం చాలకాలంగా ప్రధానంగా ఒక్కరి భుజాలపైనే ఉండెను. ఆయన అలసియున్న వేళ, పని ఆలస్యమగుచున్నదని ముక్కుమొగము తెలియనివారు తొందరపెట్టసాగారు. జియా టాన్ అనే పేరుతో వచ్చిన సహాయకుడు రెండేండ్లకు పైగా ఓపికతో సేవచేసి, నమ్మకం సంపాదించి, పగ్గాలలో పాలు పొంది, 2024 ఫిబ్రవరిలో విడుదలైన ప్రతిలో దొంగదారి అమర్చాడు. కంప్యూటరులో ప్రవేశించడానికి అర సెకను అదనంగా ఎందుకు పట్టుచున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి మార్చి 29న మోసం వెల్లడియైనది.

అలసట ఇద్దరిదీ ఒకటే. ఒకరు నలుగురి ఎదుట భారం దించారు, అందుకొనడానికి నలుగురున్నారు. రెండవ చోట అందుకొనడానికి ముందుకు వచ్చినవాడు దొంగ. ఇందులో తప్పు అలసినవానిది కాదు. నీరు త్రాగినవారిలో ఒక్కరైనను పార పట్టుకొని రాలేదు.

పాఠశాల గ్రంథాలయమైనను, ఊరి నాటక సమాజమైనను ఇదే తీరు. ఒక్కని ఉత్సాహంతో పుట్టిన పని పదిమందికి నేర్పినప్పుడే నిలుస్తుంది. దిగిపోయేవానిని నిందించడానికి ముందు, అతని ప్రక్కన నిలిచి పని నేర్చుకొన్నామా అని ప్రశ్నించుకొనడం మన విధి.