లోత్ అను మాట

ఒకనాడు వార్తలు తెనిగించునపుడు మాలో ఒకరు 'మంత్రిగారు రాజీనామాను అసహ్యించుకొనుచున్నారు' అని వ్రాసిరి. ఇంగ్లీషు మూలములో ఉన్నది 'లోత్'. అనగా ఇష్టము లేక వెనుకాడుచున్నవాడు. మా మిత్రుడు దానిని 'లోద్' అని చదివికొనెను. అది అసహ్యించుకొనుట అను క్రియ. వ్రాతలో దాని చివర 'ఇ' అక్షరము తప్పనిసరి. ఉచ్చారణలో మొదటిదాని తుద ఊపిరి మాత్రమే వెలువడును. రెండవదాని తుద కంఠనాదము కూడ కలియును. మైకు ముందు ఈ పాటి భేదము చాలును, కొంప మునుగుటకు!

నిజమునకు రెండును ఒక ఇంటి బిడ్డలే. ప్రాచీనాంగ్లములో వీని మూలపదమునకు పగగల, ఏవగింపు కలిగించు అని అర్థము. జర్మను భాషలో దుఃఖమును తెలుపు 'లైట్', ఫ్రెంచిలో కురూపిని తెలుపు 'లే' దీని చుట్టములే. మొదట ఏవగింపు పుట్టించు వస్తువును చెప్పిన మాట, 14వ శతాబ్ది నాటికి, దానిని చూచి వెనుదీయు మనిషిని చెప్పసాగినది. కోపము చల్లారి జంకు మిగిలినదన్నమాట. క్రియ మాత్రము పాత కోపమును విడువలేదు.

1640లో మరణించిన సంగీతకర్త జైల్స్ ఫార్నబీ 'లోత్ టు డిపార్ట్' అను వరుసపై ఒక వాద్యకృతిని కూర్చెను. ఆ పేరులో ద్వేషము లేశమైనను లేదు. విడిపోవుటకు మనసొప్పదని మాత్రమే.

మాకు కావలసిన తెలుగు అక్కడనే దొరకినది. ప్రసారమునకు ముందే 'రాజీనామాకు మంత్రిగారి మనసొప్పుట లేదు' అని దిద్దితిమి.